డోలు ఆగేదాకా

ఇటుకబట్టీని ఎత్తుకుపోయిన వరద వచ్చి పోయిన మరుసటేడు జరిగింది ఇది. మా వైపు ఏడాదులకి అంకెలు వాడం. సంతపాకలు పోయిన వరద, పడవ కొబ్బరిచెట్టుకి తగులుకున్న వరద, ఇటుకబట్టీ వరద. అలా లెక్క.

ఇటుకబట్టీ వరద హెచ్చరిక లేకుండా వచ్చిందని జనం అంటారు. అది తప్పు. హెచ్చరిక కాయితం మీద ఉంది. కాయితం టౌన్లో ఉంది. అది టపాలో లంకలకి చేరేసరికి, అందుకోవాల్సిన వాళ్ళు ఏటిగట్టు మీద ఉన్నారు. కొందరు ఎక్కడా లేరు.

మళ్ళీ అలా జరక్కూడదని ప్రభుత్వం వారు టౌన్లో పాత ఇరిగేషన్ బంగళాకి సున్నం కొట్టించి ఒక కేంద్రం పెట్టారు. అక్కడ చదువుకున్న పిల్లలు కంప్యూటర్లో ఒక ప్రోగ్రాము రాస్తారు. రేవులో రాతిస్తంభం ఎర్రగీత దాకా నీళ్ళొస్తాయని ఎగువ నుంచి కబురందగానే ఆ ప్రోగ్రాము లంకల్లో ఇంటింటికీ ఫోను చేసి, మనిషి గొంతుతో చెబుతుంది. ఇక దండోరాతో పని లేదు కనక, లంకలన్నీ తిరిగే మైకు జీపుకి మైకు పీకేసి జీపును కేంద్రం డైరెక్టరు గారికి ఇచ్చారు.

ఆ డైరెక్టరు గారి పేరు రఘోత్తమరావు. ఆయన నాకు ఒక పెళ్ళిలో తటస్థపడ్డారు. నాది డోలు. విడిది వెనక కొబ్బరాకుల పాకలో కూచుని, మేళం మొదలవకముందు సాధకం చేసుకుంటున్నాను. ఒకచోట వేలు తడబడుతోంది. ఆ ముక్కే తిప్పి తిప్పి వాయిస్తున్నాను. ఆయన చెయ్యి కడుక్కోడానికి అటువైపు వచ్చి, నీళ్ళచెంబు పట్టుకుని నిలబడిపోయారు.

"ఇందాకట్నించి అదే వాయిస్తున్నారేం?" అన్నారు.

"అది సరిగ్గా పళ్ళేదండి."

"తక్కినది?"

"తక్కింది వచ్చండి."

"వచ్చింది వాయించరా?"

"వచ్చినదానికి సాధకం ఎందుకండి?"

ఆయన కళ్ళు మూసుకున్నారు. మిరపకాయ కొరికారేమో అనుకున్నాను.

"మీ గురువుగారు ఏమని బోధించేవారు?"

"మళ్ళీ అనేవారండి."

"ఇంకా?"

"అంతేనండి."

జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. ఆయన ఆ మధ్యనే ఎక్కడో కొండల్లో పెద్ద అధికారులకి పెట్టిన శిక్షణకి వెళ్ళొచ్చారట. ఏ విద్యలోనైనా మనిషి బాగుపడాలంటే వచ్చింది వదిలేసి రానిదాని మీద కూచోవాలని, రోజూ కూచోవాలని, తప్పు చేసిన వెంటనే తప్పని చెప్పే మనిషి పక్కన ఉండాలని అక్కడ నేర్పారట. దానికి 'ఉద్దేశపూర్వక సాధన' అని పేరు. శిక్షణంతా కలిసి చెప్పినది నేను చెయ్యి కడుక్కునేచోట చెప్పేశానని తర్వాత చాలా సభల్లో అన్నారు.

వెళ్ళబోతూ ఇంకొకటి అడిగారు. "మరి తాళి కట్టే సమయానికి వేలు తడబడితే?"

"అప్పుడు మళ్ళీ ఉండదండి. పురోహితుడు గారు వేలు చూపించగానే గట్టిమేళం పడాల. సాధకం అంతా ఆ ఒక్క దానికేనండి."

ఈ మాట ఆయన రాసుకోలేదు. చెయ్యి తడిగా ఉందేమో.

నెల తిరక్కుండా పేపర్లో ప్రకటన వేశారు. 'సాధన మార్గదర్శి కావలెను. ఏ విద్యయందైనను చిన్ననాటి నుండి నిరంతర సాధన ఉండవలెను. సొంత వాయిద్యము గలవారికి ప్రాధాన్యము.' ఒక్క దరఖాస్తే వచ్చిందట. అది వాళ్ళే రాసి, జీపులో తెచ్చి, నా చేత సంతకం పెట్టించారు.

నన్ను చూసి కేంద్రం సూపరింటెండెంటు పట్టాభి గారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఈయనకి కంప్యూటరు వచ్చా సార్?"

"రాదు," అన్నారు డైరెక్టరు గారు. "అందువల్ల పక్షపాతం ఉండదు."

ఒక పెద్ద హాలు. వరసగా కంప్యూటర్లు. వాటి ముందు పదిమంది పిల్లలు. ఒక మూల నాకు తివాచీ పరిచారు. మొదటిరోజు డైరెక్టరు గారు నిలబడి మాట్లాడారు.

"సాధకులారా. ప్రోగ్రాము రాయడం మన లక్ష్యం కాదు. ప్రోగ్రాము రాయగలగడం మన లక్ష్యం. ఈ రెంటి మధ్య గల అంతరాన్ని గ్రహించని కారణంగానే ఈ దేశంలో ఇన్ని ప్రోగ్రాములున్నాయి."

పట్టాభి గారు చప్పట్లు కొట్టారు. తర్వాత ఉత్తర్వు చదివారు. నేను డోలు మొదలుపెట్టగానే పిల్లలు ప్రోగ్రాము మొదటి అక్షరం నుంచీ రాయాలి. డోలు మోగుతున్నంతసేపూ సాధకులను ఎంతటి అధికారి అయినా కదిలించరాదు, పిలవరాదు, ముట్టరాదు. డోలు ఆగగానే రాసింది రాసినట్టు చెరిపివేయాలి. వచ్చినదానికి సాధకం ఎందుకు కనక, వచ్చిన ప్రోగ్రాము అలాగే ఉంటే మర్నాటికి సాధన ఉండదు కనక.

నేను రోజూ తివాచీ మీద కూచుని వాయించేవాణ్ణి. ఎవరైనా తలెత్తి నా వంక చూస్తే "మళ్ళీ" అనేవాణ్ణి. దాన్ని 'తక్షణ ప్రతిస్పందన' అంటారని పట్టాభి గారు చెప్పారు.

మొదటివారంలోనే చిక్కొచ్చింది. నేను చెమట తుడుచుకోడానికి చెయ్యి ఆపాను. డోలు ఆగిందని కిట్టయ్య అనే కుర్రాడు, ఉత్తర్వు అంటే భయం ఉన్నవాడు, సగం రాసింది చెరిపేశాడు. దాని మీద రెండ్రోజులు చర్చ జరిగింది. ఆఖరికి డైరెక్టరు గారు నన్ను పిలిచి, "డోలు వాద్యం శాస్త్రీయంగా ఎప్పుడు ముగిసినట్టు?" అని అడిగారు.

"ముక్తాయింపు పడ్డాకండి."

వివరణ ఉత్తర్వు వచ్చింది. 'డోలు ఆగుట అనగా ముక్తాయింపు పడుట. చెమట తుడుచుకొనుట, మంచినీరు త్రాగుట, వార్లు బిగించుట మొదలగునవి ఆగుట క్రిందికి రావు.' దాన్ని గోడకి అంటించారు. వార్లంటే డోలు రెండు మూతల్నీ పట్టి ఉంచే తోలుపట్టీలు. అవి వదులైతే డోలు పలకదు.

పిల్లలు రాసిన ప్రోగ్రాము పనిచేసిందో లేదో తెలియాలి కదా. అందుకని పదిమంది ప్రోగ్రాములూ పట్టాభి గారి బల్ల మీద ఫోనుకే మోగేవి. "అయ్యా, వరద వస్తోంది. మీరు వెంటనే ఎత్తయిన చోటికి వెళ్ళండి" అని అది చెప్పేది. ఆయన కుర్చీలోంచి కదలకుండా విని, "అందింది" అని ఫోను పెట్టేసేవారు. మళ్ళీ మోగేది. మళ్ళీ అందేది. ఈ జిల్లా మొత్తంలో వరద హెచ్చరికలు అన్నిసార్లు అందుకున్న మనిషి ఇంకొకరు లేరు. ఆయన ఒక్కసారీ లేవలేదు.

పిల్లలు బాగుపడ్డారు. అబద్ధం ఎందుకు. మొదట్లో పూటంతా రాసినా పట్టాభి గారి ఫోను ఒకటో రెండోసార్లు కూసేది. రోహిణి ఎండలు ముదిరేసరికి టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు పదీ వరసగా మోగేవి.

అందరికంటే ముందు మోగేది పల్లవి అనే పిల్లది. ఊరు పుచ్చలంక. సర్టిఫికెట్లో పేరు పల్లాలమ్మ. కాలేజీలో నవ్వారని పల్లవి అని చెప్పుకుంటుంది. దాని ప్రోగ్రాముకి ఒకచోట తడబాటు ఉండేది. అవతల మనిషి ఫోను ఎత్తకపోతే అక్కడే ఆగి నిలబడిపోయేది. ఆ పిల్ల తక్కినదంతా వదిలేసి ఆ ముక్క మీదే కూచునేది. ఎత్తకపోతే పక్కింటికి వెళ్ళడం, మళ్ళీ వెనక్కొచ్చి పిలవడం, అప్పటికీ ఎత్తకపోతే ఎదురింటివాళ్ళకి చెప్పి లేపమనడం. ఒకటే ముక్క, రోజూ. నాకు పెళ్ళి విడిది గుర్తొచ్చేది. ఆ పిల్ల నా వంక చూసేది కాదు. అందుకని దానికి నేను "మళ్ళీ" అనలేదు.

ఒకరోజు అన్నం డబ్బా తెచ్చుకుని నా తివాచీ చివర కూచుంది.

"తాతా, నువ్వెప్పుడూ అంతేనా? మాటాడవా?"

"చేతికి పనుందిగా."

కాసేపు తిని అంది. "ఇటుకబట్టీ వరదప్పుడు మా నాన్న గేదెల కట్లు విప్పడానికి వెళ్ళాడు. చీకట్లో. అప్పటికే పాకలో మొలలోతు నీళ్ళు. మాపటేళ కబురొచ్చుంటే వెలుగుండగా విప్పుకునేవాడు."

నేను తల ఊపాను.

"మాలాంటి పాకలు పుచ్చలంకలో ఎన్నో ఉన్నాయి తాతా. అందరికీ మొండితనమే. గేదెని వదిలి గట్టెక్కమంటే ఎక్కరు. వెలుగుండగా చెప్తేనే లాభం." డబ్బా మూత పెట్టింది. "నేనీ ఉద్యోగంలో చేరింది ఆ ఒక్క ఫోను చెయ్యడానికి. మిషనులో పెట్టిన గొంతు కూడా నాదే."

ఆ వారం ఆ పిల్ల డైరెక్టరు గారి గదికి వెళ్ళింది. తలుపు తీసే ఉంది కనక నాకు వినబడింది.

"సార్, ఏరువాక వచ్చేసింది. ప్రోగ్రాము బాగానే పనిచేస్తోంది. ఒకటి చెరపకుండా ఉంచేద్దాం సార్."

"ఉంచితే నైపుణ్యం నిలిచిపోతుందమ్మా. నిలిచిన నీరు నాచు పడుతుంది."

"మా లంకలో నీరు నిలవదు సార్. ఇంట్లోకొస్తుంది."

"నీ ఆవేదన నేను అర్థం చేసుకోగలను. కానీ ఒక్కటి గమనించు. నీకిప్పుడు ఇది సులువుగా వస్తోంది. సులువుగా వస్తోందంటే ఏమిటి? మన సాధనా ప్రమాణం పడిపోయిందన్నమాట. ఈ ప్రమాదాన్ని ఇన్నాళ్ళూ ఎవరూ నా దృష్టికి తేలేదు."

ఆ పిల్ల వెళ్ళి అడిగినందుకు, మర్నాటి నుంచి సాధన కష్టం చేశారు. మీటల మీద అక్షరాలు కనబడకుండా బొట్టుబిళ్ళలు అంటించారు. కుడిచేతివాళ్ళు ఎడమచేత్తో రాయాలి. ఎడమచేతివాడు ఒకడుంటే వాణ్ణి ఏం చెయ్యాలో తెలియక రెండ్రోజులు సెలవిచ్చి మళ్ళీ పిలిపించారు. వారం తిరక్కుండా ఎడమచేత్తోనూ వచ్చేసింది. కుర్చీలు తీయించారు. అప్పుడు ఫ్యాన్లు ఆపించారు. అప్పుడు తెరలు గోడవైపు తిప్పించారు. పిల్లలు నిలబడి, చెమట కారుస్తూ, కనబడనిదాన్ని ఎడమచేత్తో రాసేవారు. పట్టాభి గారి ఫోను మోగుతూనే ఉండేది.

"సుఖపరిధి దాటించడం చాలా కష్టంగా ఉందయ్యా," అన్నారు డైరెక్టరు గారు దిగులుగా. "ఎంత దూరం జరిపినా అక్కడ సుఖపడిపోతున్నారు."

రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చారు. నిలబడి ఉన్న పిల్లల్నీ, గోడవైపు తిరిగిన తెరల్నీ, నన్నూ చూశారు.

"వాడుకలో ఉన్న ప్రోగ్రాము ఏది?" అని అడిగారు.

"లేదండి. నైపుణ్యం వాడుకలో ఉంది," అన్నారు డైరెక్టరు గారు.

"మరి ఫలితం?"

"ఫలితం సాధనకు ప్రథమ శత్రువండి. చెయ్యడం మా వంతు. ఫలితం పైవారి వంతు."

పైవారు తానేనని ఆ అధికారికి కాసేపటికి తట్టింది. చాలా సంతోషించి, తక్కిన జిల్లాల్లో కూడా ఇలాగే చెయ్యమని రాశారు. డోలు వాయించేవాళ్ళకి గిరాకీ పెరిగింది. మా మేనల్లుడు సన్నాయి వాయిస్తాడు. సన్నాయికి ఉత్తర్వులో చోటు లేదని వాడు నాతో మాట్లాడ్డం మానేశాడు.

ఆషాఢంలో పల్లవి తన ప్రోగ్రాముకి ఒక నకలు తీసి ఇంకోచోట దాచింది. పట్టాభి గారు దాన్ని పట్టుకుని అందరి ముందూ నిలదీశారు.

"ఇది కాపీ కొట్టడం కాదా?"

"కాపీనే సార్."

"ఎవరిది కొట్టావు?"

"నాదే సార్."

"నీది నువ్వే కొట్టావా?" ఆయన నిజంగా బాధపడ్డారు. "పక్కవాళ్ళది కొట్టినా సర్దుకుపోదును. ఎవరి కష్టమో ఒకరిది అందులో ఉంటుంది. నీది నువ్వు కొట్టడం మరీ అన్యాయం తల్లీ."

నకలు చెరిపేశారు. ఇంకోసారి జరిగితే ఉద్యోగం ఉండదని కాయితం ఇచ్చారు. ఆ పిల్ల కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి, కదులుతున్న బల్ల కోడు కింద పెట్టింది. బల్ల కదలడం మానేసింది.

శ్రావణం వచ్చింది. గోదారి ఎర్రబడింది. ఎగువన వారంగా వాన కురుస్తోందని చెప్పుకున్నారు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలు అయ్యాక ఎగువ నుంచి కబురొచ్చింది. చీకటి పడ్డ కాసేపటికి రేవులో నీళ్ళు ఎర్రగీత దాటతాయని.

పట్టాభి గారు కబురు పట్టుకుని హాల్లోకి వచ్చారు. డైరెక్టరు గారు చదివి, ముఖం వికసించి, "అద్భుతం," అన్నారు. "ఇవాళ నిజమైన అంకెలతో సాధన."

పల్లవి నిలబడే ఉంది. అందరూ నిలబడే ఉన్నారు, కుర్చీలు లేవు కనక.

"సార్, ఈ ఒక్కసారి లంకలకి నిజంగా ఫోన్లు చేద్దాం."

"చూడమ్మా. లంకలకు ఫోను చెయ్యాలంటే ప్రోగ్రాము వాడుకలోకి రావాలి. వాడుకలోకి రావాలంటే పరిపూర్ణం కావాలి. పరిపూర్ణమైతే ఇక సాధన ఉండదు. సాధన లేకపోతే ఈ కేంద్రం ఉండదు. అంటే మనం ఉండం."

"మనం లేకపోతే వాళ్ళుంటారు సార్."

డైరెక్టరు గారు ఆ మాటని తర్కంగా తీసుకుని కాసేపు ఆలోచించారు.

"లంకలను మేము గాలికి వదల్లేదు," అన్నారు పట్టాభి గారు. "పాత పద్ధతిలో కాయితం పంపించాను."

"ఎలా సార్?"

"టపాలో."

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయాక ఆ పిల్ల నా దగ్గరకొచ్చి మోకాళ్ళ మీద కూచుంది.

"తాతా, మా అమ్మకైతే నేనే చెప్పుకోగలను. లంకలందరికీ చెప్పాలంటే మిషనే చెప్పాలి. ఆఫీసుకి బయటికెళ్ళే లైను ఒక్కటే. ఒకింటి తర్వాత ఒకిల్లు. దీపాలవేళ దాకా పడుతుంది."

నేను డోలు దగ్గరికి జరుపుకున్నాను.

"డోలు మోగుతున్నంతసేపూ నన్నెవరూ ముట్టుకోకూడదు. ముక్తాయింపు పడేదాకా చెరపకూడదు. గోడ మీద ఉంది." గోడ వైపు చూసింది. "ఇవాళ ఎంతసేపు వాయిస్తావు?"

"కాసిని మంచినీళ్ళు దగ్గరెట్టు," అన్నాను.

ఎడమచేతికి పుల్ల తీసుకున్నాను. కుడిచేతి వేళ్ళకి తొడుగులు పెట్టుకున్నాను. మొదలుపెట్టాను. పిల్లలు మొదటి అక్షరం నుంచి రాశారు. టీ తాగినంతసేపట్లో పట్టాభి గారి గదిలో ఫోను మోగడం మొదలైంది. అందింది. అందింది. అలా తొమ్మిది. పదోది మోగలేదు.

పల్లవి తెర వెనక నుంచి నా వంక చూసింది. డోలు మోగుతుండగా చూడడం అదే మొదటిసారి. చూపుడువేలు పైకెత్తింది, పందిట్లో పురోహితుడు ఎత్తినట్టు. పుచ్చలంకలో మొదటి ఇంటికి ఫోను వెళ్ళిందన్నమాట. నేను గట్టిమేళం వేశాను. వేలు తడబడలేదు.

కాసేపటికి పట్టాభి గారు వచ్చి పల్లవి పక్కన నిలబడ్డారు. పిలవకూడదు కనక దగ్గారు. ఆ పిల్ల వినిపించుకోలేదు. నా దగ్గరకొచ్చి గడియారం చూపించారు. నేను కళ్ళు మూసుకున్నాను. ఒక చీటీ రాసి తెచ్చి నా ముందు పెట్టారు. నాకు చదవడం ఓ మాదిరిగా వచ్చు, కానీ వాయిస్తూ చదవడం రాదు. చీటీని మడిచి డోలు కింద పెట్టుకున్నాను. రెండో చీటీ తెచ్చారు. అదీ పెట్టుకున్నాను. డోలు ఇంకాస్త స్థిరంగా కూచుంది.

అప్పుడు ఆయన వెళ్ళి డైరెక్టరు గారిని తీసుకొచ్చారు. ఇంక అయిపోయిందనుకున్నాను. డైరెక్టరు గారు గుమ్మంలో నిలబడి, వేళ దాటినా నిలబడి రాస్తున్న పిల్లల్నీ, నన్నూ చూసి, పెదాల మీద వేలు పెట్టి పట్టాభి గారిని వారించారు. చెప్పులు విప్పి లోపలికొచ్చారు. తివాచీ చివర కూచుని తొడ మీద తాళం వెయ్యడం మొదలెట్టారు. తాళం తప్పు. నేను సర్దుకున్నాను.

నాకు వచ్చినవన్నీ అయిపోయాయి. స్నాతకం, ఎదురుకోలు, ఊరేగింపు, అప్పగింతలు. అప్పగింతలకి కిట్టయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఇంక వాయించడానికి లేక, రానివి వాయించాను. వేలు తడబడితే ఆ ముక్కే మళ్ళీ వాయించాను. తొడుగు ఒకటి పగిలింది. వేలు వాచింది.

ఒకమాటు పల్లవి సొంత ఫోను చెవికి పెట్టుకుని ఏదో మాట్లాడింది. ఏం మాట్లాడిందో తర్వాత చెప్పింది. చేసింది వాళ్ళమ్మ.

"అమ్మీ, ఎవర్తో మిషన్లోంచి మాటాడతందే. ఏరొచ్చేత్తంది, గేదెల కట్లిప్పి గట్టెక్కెయ్యమంటంది. నమ్మొచ్చా?"

"నమ్మమ్మా."

"గొంతు నీలాగుందే."

"నాదేనమ్మా."

"మరి నీదైతే నువ్వే సెయ్యొచ్చుగా. మిషనెందుకు?"

"అందరికీ చెయ్యాలమ్మా. ముందు నువ్వు కట్లు విప్పు. ఇప్పుడే, వెలుగుండగా."

"ఇప్పేశానే పిచ్చిమొకమా. పక్కింటి బుల్లెమ్మ ఎత్తట్లేదని నీ మిషను నాకే సెప్పింది, ఎళ్ళి లేపమని. అదీ లేచింది. ఉంటాను, దూడ పారిపోతంది."

కిటికీలోంచి వెలుగు తగ్గింది. బయట వీధిదీపం వెలిగింది. పల్లవి రెండు చేతులూ బల్ల మీద ఆనించి తల దించుకుంది. ఆఖరి ఇల్లు అయిపోయిందని తెలిసింది.

నేను చెయ్యి ఆపాను.

పట్టాభి గారు అప్పటికే పల్లవి బల్ల దగ్గర ఉన్నారు. "డోలు ఆగింది. చెరుపు," అన్నారు.

నేను తువ్వాలు తీసి చెమట తుడుచుకున్నాను. మంచినీళ్ళు తాగాను. డోలు ఎత్తి వార్లు వేలితో నొక్కి చూశాను.

డైరెక్టరు గారు చెయ్యెత్తారు. "పట్టాభీ, తొందరపడకు. ముక్తాయింపు పడలేదు. ఉత్తర్వు చూసుకో."

"వార్లు వదులైపోయినియ్యండి," అన్నాను. "బిగించాల."

"ఇక్కడే బిగించండి."

"ఇంటికాడ బిగించాలండి. మనిషి సాయం కావాల."

డైరెక్టరు గారు పిల్లల వైపు తిరిగారు. "సాధకులారా, ఈ పూట సాధన ముగియలేదు. వార్ల బిగింపు నిమిత్తం విరామంలో ఉంది. ఎవరి ప్రోగ్రాము ఎవరూ ముట్టరాదు." కొంచెం ఆగి, గొంతు తగ్గించి అన్నారు. "ఇంత దీర్ఘ సాధన నా సర్వీసులో చూడలేదు."

డోలు భుజాన వేసుకుని వచ్చేశాను. గుమ్మం దగ్గర పల్లవి ఏదో అనబోయింది. "అన్నం తిను," అన్నాను.

ఆ రాత్రి గోదారి పుచ్చలంక మీదుగా వెళ్ళింది. పాకలు పోయాయి. మనుషులూ గేదెలూ గట్టు మీద ఉన్నారు. ఒక దూడ కనబడలేదన్నారు కానీ అది ముందే గట్టెక్కి ఎవరివో బెండ మొక్కలు మేస్తోందట.

మర్నాడు పొద్దున్నే లేచి, డోలు వార్లు పూర్తిగా విప్పేశాను. మూతలు రెండూ వదులుగా వేలాడాయి. గలేబు తొడిగి అటక మీద పెట్టాను. వేలికి పసుపు రాసుకుని అరుగు మీద కూచున్నాను.

పట్టాభి గారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి సైకిలు మీద వచ్చారు.

"నువ్వొచ్చి ఆ ముక్తాయింపు వేసి పో సూరన్నా. పిల్లలు కొత్తది మొదలెట్టడానికి లేక ఖాళీగా నిలబడ్డారు. ఆ పిల్ల ప్రోగ్రాము లంకల నంబర్లతో సహా అలాగే ఉండిపోయింది. చెరపడానికి ఉత్తర్వు ఒప్పుకోదు. రెండో హెచ్చరిక వస్తే అది మళ్ళీ ఫోన్లు చేసేస్తుందంట."

"వార్లు బిగించాలండి."

"ఎంతసేపు పడుతుంది?"

"తడిసినియ్యండి. ఆరాల."

ఆయన ఆకాశం వైపు చూశారు. మబ్బు పట్టి ఉంది. అటక వైపు చూశారు. గలేబు చివర వేలాడుతున్న తోలుపట్టీ కనబడుతూనే ఉంది. మా కోడలు కాఫీ తెచ్చి ఇచ్చింది. నిదానంగా తాగారు.

"రాత్రి నిద్రలో కూడా ఫోను మోగినట్టే ఉంది," అన్నారు. "అందింది అని లేచి కూచున్నాను. మా ఆవిడ భయపడింది." గ్లాసు అరుగు మీద పెట్టి, జేబులోంచి కాయితం తీసి, మోకాలి మీద పెట్టుకుని రాసి నాకు చదివి వినిపించారు. 'వార్ల బిగింపు కొనసాగుచున్నది.' "కార్తీకం వెళ్ళాక వచ్చి కనుక్కుంటాను. అప్పటికి ఏరు తీస్తుంది."

సైకిలెక్కి వెళ్ళిపోయారు. నేను డోలు అటక మీంచి దింపి, వార్లు చుట్టచుట్టి, పెట్టెలో పెట్టి తాళం వేశాను.